రెండో కాన్పు

థ్రేస్ తీరం, రాజుగారి రేవు
కృత్తికలు తెల్లవారుజామున కనబడడం మొదలైన నెల, నెలపొడుపు

పెద్దమ్మా,

మేమిద్దరం క్షేమం. ముందు ఆ మాట రాయమని అన్న నా మోచేతిని పొడుస్తున్నాడు. పక్కనే కూచుని ఆలివ్ కాయలు తింటూ గింజలు సముద్రంలోకి ఊస్తున్నాడు. "నాకు రాయడం రాక కాదు, నా వేళ్ళు లావు, పలక మీద మైనం చిట్లిపోతుంది. అలా రాయి అమ్మకి" అంటున్నాడు. రాశాను. నీ కొడుకు థ్రాసోన్‌కి అక్షరాలు అంటకపోవడంలో నీ తప్పేమీ లేదని నా మాటగా కూడా రాస్తున్నాను. ఈ వాక్యం వాడికి చదివి వినిపించను.

మన ఊళ్ళో చదవడం వచ్చినవాళ్ళం నువ్వూ నేనే. అందుకని అమ్మతో మాట్లాడాలన్నా నీ గొంతే నాకు దిక్కు. తనకి దీన్ని నెమ్మదిగా చదువు. నువ్వు తొందర తొందరగా చదివితే నేను కోపంగా ఉన్నాననుకుంటుంది.

ఇక్కడి రాజు మమ్మల్ని ఎందుకు పిలిపించాడో ఇప్పుడు తెలిసింది. సముద్రదేవుడికి కోపం వచ్చి ఒక జంతువును ఈ రేవు మీదికి వదిలాడట. అది పడవల్ని అడుగు నుంచి ఎత్తి బోర్లిస్తుంది. జాలర్లు దాని పేరు పలకరు. భయంతో "అవ్వ" అంటారు. అవ్వ లేచింది, అవ్వ ఆకలి మీద ఉంది, ఇవాళ అవ్వ నిద్రపోతోంది, ఇలాగ. అంత పెద్ద భయాన్ని ఇంత చిన్న మాటలో పెట్టి ఎలా మూత వేశారా అని నాకు ఆశ్చర్యం వేసింది. అన్న మాత్రం, "ఇంత దూరం పిలిపించింది ఒక ముసల్దాన్ని కొట్టడానికా?" అని నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

ఇంకో సంగతి. నిన్న రేవు దగ్గర గుడిలో మేమిద్దరం స్నేహప్రమాణం చేసుకున్నాం. "మనం అన్నదమ్ములమే కదా, మళ్ళీ ఇదెందుకు?" అన్నాను. వాడేమన్నాడో తెలుసా? "అక్కచెల్లెళ్ళ కడుపున పుట్టడం మన గొప్పేమీ కాదురా. అది వాళ్ళు చేసిన పని. ఇది మనం చేసుకునేది." వాడి నోట ఇలాంటి మాట వచ్చిందంటే నువ్వు నమ్మవు. నేను పక్కనుండీ నమ్మలేదు.

ప్రమాణానికి గుర్తుగా నడికట్లు మార్చుకున్నాం. అమ్మ నేసిన చేపల నడికట్టు వాడికిచ్చాను. వాడి పొట్ట చుట్టూ రాక చివర తాడు ముక్క కట్టుకున్నాడు. నువ్వు నేసిన ఎద్దుల నడికట్టు నాకు రెండు చుట్లు వస్తోంది. ఇక్కడివాళ్ళకి మన పేర్లు నోరు తిరగవు. వాణ్ణి చేపలవాడనీ నన్ను ఎద్దులవాడనీ పిలుస్తున్నారు.

నీళ్ళకి వెళ్ళినప్పుడు తాతయ్యకి మా దండాలు చెప్పు. మేం పెనియోస్ నదికి మనవలమంటే ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు. నది మనవలైతే అంత ద్రాక్షసారా ఎందుకు తాగుతారు అంటున్నారు.

నీ చెల్లెలి కొడుకు
ఆంతెమోన్

కింద పురుగులా ఉన్నది అన్న గీసిన ఆక్టోపస్. అదే వాడి సంతకమట.


పెనియోస్ నది మొగ
బార్లీ కోతలయ్యాక వచ్చిన పౌర్ణమి

నాన్నా ఆంతెమోన్,

నీ పలకలు అబ్దేమోన్ వర్తకుడు తెచ్చిచ్చాడు. మీ అమ్మ చిక్కుడు గింజలు ఒలుస్తుంటే పక్కన కూచుని చదివాను. నెమ్మదిగానే చదివాను. నడికట్టు సంగతి రాగానే, "నా నేత వాడి పొట్టకి చాల్లేదా? నీ కొడుకు తినడం ఎప్పుడు ఆపుతాడక్కా?" అంది. "నీ కొడుకు తినడం ఎప్పుడు మొదలెడతాడే?" అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. మొగుళ్ళిద్దర్నీ సముద్రానికి ఇచ్చి, ఒకే గోడకి అటూ ఇటూ బతుకుతున్నవాళ్ళం. మాకు నవ్వడానికి ఉన్నది మీరే.

ఆ జంతువు మాట దానికి చదవలేదు. దాటవేసి చదువుతుంటే "అవ్వ ఆకలి మీద ఉంది" అన్న ముక్క నోట్లోంచి జారిపోయింది. "ఎవరా ముసలావిడ? అంత ఆకలి మీదుంటే ఇంత జావ పొయ్యమనక్కా, పాపం" అంది మీ అమ్మ. సరే పొయ్యమని రాస్తానన్నాను. రాశాను.

ఇక నీకు కాస్త తిట్లు. నడికట్టు మార్చుకోవడమేంట్రా? నేసేటప్పుడు ప్రతి పోగు దగ్గరా బిడ్డ పేరు చెప్పి నేస్తాం. ఒకడి పేరున్న పోగు ఇంకొకడి ఒంటి మీదుంటే కాచే దేవతలకి ఎవర్ని కాయాలో ఎలా తెలుస్తుంది? ప్రమాణానికి ఇంకేదైనా మార్చుకోండి, చెప్పులు మార్చుకోండి. ఈ పలకలు అందగానే ఎవరి నడికట్టు వాళ్ళు కట్టుకోవాలి. ఇది ఇంట్లో పెద్దదాని మాట. ఆ వెధవకి కూడా చదివి చెప్పు.

తాతయ్యకి చెప్పాను. ఈ ఏడు నీళ్ళు తక్కువగా ఉన్నాయి, విన్నాడో లేదో.

మీ పెద్దమ్మ
క్లియారిస్తె


పెనియోస్ నది మొగ
ద్రాక్ష రంగు తిరిగే నెల, అమావాస్య దాటాక

ఈ పలకలు అందినవాళ్ళు ఎవరైనా సరే, రాజుగారింట్లో గాయపడి ఉన్న థ్రాసోన్‌కి వీటిని చదివి వినిపించండి. వాడికి చదువు రాదు. చదివేటప్పుడు పక్కన ఎవరైనా మనిషి ఉండండి.

థ్రాసోన్, నా తండ్రీ,

అబ్దేమోన్ వచ్చాడు. ఓడ కట్టకముందే రేవులోంచే కేక వేశాడు, జంతువు చచ్చిందనీ, చేపలవాడు పోయాడనీ, ఎద్దులవాడు దెబ్బలతో బయటపడ్డాడనీ. మీ పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, వాళ్ళు మార్చుకున్నారు కదా? చేపలది నీ కొడుకు దగ్గరుంది కదా?" అంది. ఆ మాట అన్నందుకు తర్వాత నా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. నేను అబ్దేమోన్‌ని అడిగాను, నా పలకలు ఇచ్చావా అని. ఇచ్చాను, చిన్నవాడు చదివాడు, పెద్దవాడు పగలబడి నవ్వాడు అన్నాడు. పేర్లు చెప్పమంటే, "నాకు పేర్లు తెలీవమ్మా, చేపలవాడు, అంతే" అన్నాడు.

మీరు జన్మలో ఒక్కసారి నా మాట విన్నారు. విని ఎవరిది వాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు. అంటే పోయింది ఆంతెమోన్.

మీ పిన్ని ఆంతెమోన్‌కి అన్నీ జరిపించింది. ఒడ్డున ఖాళీ సమాధి కట్టాం. లోపల వాడి చిన్నప్పటి చెప్పులు పెట్టింది. సముద్రానికి ఎదురుగా నిలబడి వాడి పేరు పెట్టి ముమ్మారు పిలిచింది. ఇప్పుడు గోడ వైపు తిరిగి పడుకుని ఉంటోంది. ఏమీ తినడం లేదు. నేను జావ తీసుకెళ్తే, "ఆ ముసలావిడకి పోశారా అక్కా?" అని అడిగింది. ఆ అవ్వే ఆ జంతువని ఆమెకి ఇప్పటికీ తెలియదు.

నీకొక్కడికే చెబుతున్నాను. నువ్వు బతికున్నావని తెలిసి నా లోపల ఏదో పొంగింది. మీ పిన్ని ముందు దాచుకోలేక పెరట్లోకి పోయి కూచున్నాను. వాణ్ణి కాపాడలేకపోయానని కుమిలిపోకు. ఒళ్ళు బాగుపడగానే వచ్చెయ్.

అమ్మ


థ్రేస్ తీరం
ద్రాక్ష తొక్కే రోజులు

పెద్దమ్మా,

ఇంకేమీ చదవకముందు అమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పు. నేను చావలేదు. ఆంతెమోన్‌ని, నేనే రాస్తున్నాను, అక్షరాలు చూస్తే నీకు తెలుస్తుంది. తొడ ఎముక విరిగింది, చాలా రోజులు ఒంటి మీద తెలివి లేదు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాను.

నువ్వు అన్నకి రాసిన పలకలు నా చేతికిచ్చారు. నా చావు గురించి నేనే చదువుకున్నాను. పక్కన మనిషి ఉండాలని రాశావు కదా. ఉన్నాడు. ఇప్పుడు కూడా అన్న పక్కనే కూచుని ఇది రాస్తున్నాను.

అమ్మని లేపు. ఏదైనా తినమను. నేను వస్తున్నానని చెప్పు. అబ్దేమోన్ దక్షిణాదికి వెళ్ళిపోయాడు, అందుకని దీన్ని ఉప్పు ఓడలో పంపిస్తున్నాను. ఇంకా చాలా రాయాలి. చెయ్యి సాగడం లేదు.

ఆంతెమోన్


పెనియోస్ నది మొగ
కొత్త సారా జాడీల్లోకి వంపే నెల, పౌర్ణమికి ముందు

నాన్నా, నా చిట్టితండ్రీ,

నీ అక్షరాలు గడప మీదే గుర్తుపట్టాను. "ఇంకేమీ చదవకముందు" అని రాశావు. అలాగే చేశాను. అక్కడే ఆపి మీ అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆంతెమోన్, మీ అమ్మ లేదు. ద్రాక్ష కోతలు మొదలవకముందే వెళ్ళిపోయింది. నీకు కట్టిన సమాధి పక్కనే పెట్టాం, అక్కడే కావాలంది. నీ ఉత్తరం అక్కడ కూచుని చదివాను. నెమ్మదిగా చదివాను. మట్టికి చదివాను.

ఏడువు. ఏడ్చి, మిగతాది చదువు.

మీరిద్దరూ బతికున్నారని ఊరంతా చెప్పాను. అబ్దేమోన్ మళ్ళీ మన రేవుకొస్తే వాడి గడ్డం పట్టుకుని లాగుతాను. ఎవరో పరాయివాడి చావు మోసుకొచ్చి మన ఇంట్లో దింపాడు.

ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. నీకు కర్మలన్నీ జరిపించేశాం. పాతాళం లెక్కలో నువ్వు చచ్చినవాడివి. గడప దాటకూడదు, పొయ్యి ముట్టకూడదు, నీతో ఎవరూ నీళ్ళు పంచుకోకూడదు. పైఊరి గొర్రెల కాపరి ఒకడు ఇలాగే తిరిగొచ్చాడు, గుర్తుందా? వాడికి దిక్కెవరూ లేక దొడ్లోనే పడి ఉండేవాడు. రొట్టె దూరం నుంచి విసిరేవాళ్ళు. నిన్ను అలా చూడలేను.

పూజారిణిని అడిగాను. దారి ఒకటే ఉందంది. నువ్వు మళ్ళీ పుట్టాలి. నీ రక్తసంబంధం ఉన్న ఆడమనిషి మంచమెక్కి, నొప్పులు పడుతున్నట్టు కేకలు పెట్టి నిన్ను కనాలి. స్నానం చేయించి, పొత్తిగుడ్డల్లో చుట్టి, రొమ్ముకి ఆనించుకోవాలి. అప్పుడు మైల పోతుంది. అయితే ఆ కనే మనిషి కొడుకు బతికున్న తల్లి అయి ఉండాలట. మీ అమ్మ లేదు. మన వంశంలో అలాంటిదాన్ని ఇంక నేనొక్కదాన్నే. నేను కంటాను. ఇన్నాళ్ళూ పెద్దమ్మనన్నావు, ఇప్పుడు అందులో పెద్ద తీసేద్దువు గాని.

థ్రాసోన్‌కి చెప్పు, వాడికి చంటి తమ్ముడు పుట్టబోతున్నాడని. ఏడిస్తే ఎత్తుకోవాలని చెప్పు. ఈసారి వాడు ఆక్టోపస్ గీయలేదేం? పక్కనే ఉన్నాడన్నావు కదా, ఒక్క గీత గీయించలేకపోయావా? చేతికి దెబ్బ తగిలిందేమో, నాకు దాచకు.

చలికాలానికి ముందే ఇద్దరూ బయల్దేరండి.

క్లియారిస్తె


థ్రేస్ తీరం
కృత్తికలు సముద్రంలోకి దిగే రోజులు, ఆఖరి ఓడ

పెద్దమ్మా,

ఈ ఓడ వెళ్ళాక వసంతం దాకా ఇంకో ఓడ లేదు. ఈ ఓడలో నేను రావచ్చు. నా చోటు కూడా ఉంది. నేను వచ్చి, నువ్వు నన్ను కని, మైల తీర్చి, లోపలికి తీసుకెళ్ళాక ఈ మాట చెప్పవచ్చు. అప్పుడు నాకు ఇల్లు ఉంటుంది. రాత్రంతా అలా అనుకుని మూట కూడా కట్టాను. తెల్లారాక విప్పేశాను. నీ కడుపుని మోసం చేసి అందులోంచి రావడం నా వల్ల కాలేదు.

మేం నడికట్లు మార్చుకోలేదు. నీ పలకలు చదివితే అన్న పగలబడి నవ్వాడు. "ప్రమాణం చేసి ఇచ్చింది అమ్మ తిట్టిందని వెనక్కి తీసుకుంటానా? ఇంటికెళ్ళాక తన్నులు తింటాను, ఇద్దరి వంతూ" అన్నాడు. అబ్దేమోన్ నిజమే చెప్పాడు. పోయింది చేపలవాడు.

ఆ జంతువు నా పడవని ఎత్తింది. నేను వలలో చిక్కుకున్నాను. తలకిందులుగా ఉన్నాను, నీళ్ళు పచ్చగా ఉన్నాయి, దాని నోరు తెరిచి ఉంది. అన్న ఒడ్డు నుంచి దూకాడు. నాకూ దానికీ మధ్యకి వచ్చాడు. "ఒరేయ్ ఎద్దులవాడా, కాళ్ళాడించు!" అని అరిచాడు. ఈటెతో సహా దాని గొంతులోకి వెళ్ళాడు. అది చచ్చింది. తర్వాత జాలర్లు అన్నని తీసుకొచ్చినప్పుడు గుర్తుపట్టడానికి నడికట్టే మిగిలిందని చెప్పారు. నేను చూడలేదు, నాకు తెలివి లేదు.

పక్కనే కూచుని రాస్తున్నానన్నది అబద్ధం కాదు. వాడి దిబ్బ పక్కనే కూచున్నాను. ఇప్పుడు కూడా అక్కడే ఉన్నాను. నేను లేచాక చితాభస్మానికి చెయ్యాల్సినవన్నీ చేశాను, తేనె పోశాను, సారా పోశాను. ఏ మాటలు తెలుసో అన్నీ చెప్పాను. అక్షరాలు నేర్చుకున్నప్పుడు, మాటలుంటే అన్నీ చెప్పేయవచ్చనుకునేవాణ్ణి. నీకు ఆ ఒక్కటి చెప్పలేక ఎన్ని మాటలు వెతుక్కున్నానో. నేను చావలేదని రాసిన ఉత్తరంలోనే ఉండాల్సిన మాట ఇది. ఉండి ఉంటే ఇద్దరూ బతికున్నారని నువ్వు ఊరంతా చెప్పుకునేదానివి కావు.

కొడుకు బతికున్న తల్లి అయి ఉండాలన్నావు. నాకు తెలుసు, ఇంక దారి లేదు. రాజు ఇక్కడ ఉప్పుమడుల దగ్గర గుడిసె ఇచ్చాడు. ఇక్కడివాళ్ళకి నా చావు సంగతి తెలియదు, నాతో నీళ్ళు తాగుతారు. నువ్వు పిలవకపోతే నేను రాను. నన్ను తిడుతూ రాసినా పంపించు. అదైనా నీ చేతిరాత.

నా కోసం వాడు పోయాడు. నా పేరు మీద అమ్మ పోయింది. నీ ముందు నిలబడడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆంతెమోన్


పెనియోస్ నది మొగ
వసంతం, మొదటి ఓడ

ఆంతెమోన్,

నీ పలకలు ఒక్కసారే చదివాను. మూసి, పొయ్యి వెనక బోర్లా పెట్టాను. చాలా రోజులు నిన్ను అసహ్యించుకున్నాను. ఇది నీకు తెలియాలి. వాడు నీ వలలోకి దూకకుండా ఉండాల్సింది అనుకున్నాను. వాణ్ణి దూకేవాడిగా పెంచింది నేనే కదా అని కూడా అనుకున్నాను. ఎటు తిరిగినా ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటూనే ఉంది.

తర్వాత నా చెల్లెలి గురించి ఆలోచించాను. అది ఏడ్చి ఏడ్చి పోయింది. నేను ఏడవాల్సిన ఏడుపది. నా వార్త దానికి చేరింది, నా చావు అది చచ్చింది. నీ పేరు పెట్టి పిలిచినా, అది పిలిచింది చచ్చిపోయిన బిడ్డనే. చచ్చిపోయిన బిడ్డ నా వాడే. అంతగా ఏడ్చే మనిషి దొరికింది నా కొడుక్కి. నేనైతే అంత బాగా ఏడవగలిగేదాన్నా?

నీ ఉత్తరం సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. పూజారిణికి కూడా. ఇద్దరూ వస్తున్నారా అని అడిగితే వస్తున్నారన్నాను. చలికాలమంతా రంగు బట్టలే కట్టాను. పండగలకి వెళ్ళాను, పాటల్లో గొంతు కలిపాను. పొత్తిగుడ్డలకి ఉన్ని వడికాను. నీ అంత మనిషిని చుట్టడానికి ఎంత కావాలో నీకేం తెలుసు, రెండు దుప్పట్లంత నేశాను. పక్కింటి ఆడవాళ్ళు వచ్చి, "ఏంటమ్మా క్లియారిస్తె, చిక్కిపోయావు, మొహం పాలిపోయింది, తిండి సహించడం లేదా?" అన్నారు. "కడుపుతో ఉన్నాను కదమ్మా" అన్నాను. పడీ పడీ నవ్వారు. ఈ వయసులో కాన్పు కష్టమే, ఏడవకుండా ఉండు, కడుపుతో ఉన్నవాళ్ళు ఏడవకూడదన్నారు. ఏడవలేదు. ఒక్కసారి కూడా ఏడవలేదు, చూసుకో.

కొడుకు బతికున్న తల్లే కావాలన్న నియమం నాకు తెలుసు. నాకు తెలిసిందేదో దేవతలకీ తెలుసు. వాళ్ళతో నేను మాట్లాడుకుంటాను. నువ్వు పుట్టిన క్షణాన నాకు బతికున్న కొడుకు ఉంటాడు. ఆ క్షణానికి ముందు లేడని ఎవరైనా లెక్క అడిగితే, అడగనీ.

వాడి పేరు నీకు పెట్టను. పేరు పెట్టే రోజున అందరూ చూస్తుండగా ఆ పేరే నోటికొస్తుందని భయం. రాకుండా చూసుకుంటాను. నువ్వు ఆంతెమోన్‌వే. నిన్ను నేను ఆంతెమోన్‌గానే కంటాను.

ఈ ఓడవాడు మీ రేవులో సరుకు దింపి మళ్ళీ ఇటే వస్తాడు. ఆ ఓడే ఎక్కు. వచ్చాక ఊళ్ళోకి రాకు, రేవులో ఆగి కబురు పెట్టు. "అన్న ఏడీ?" అని అడిగితే వెనక ఓడలో వస్తున్నాడని చెప్పు. ఒక్క రోజు చెప్పు, చాలు. నేను మంచమెక్కుతాను. ఆడవాళ్ళు దీపాలతో చుట్టూ కూచుంటారు. కనేటప్పుడు తల్లి కేకలు పెట్టాలి కదా, ఎంత గట్టిగా అరిస్తే అంత మంచిదట. నా ఒళ్ళో తల పెట్టుకుని నువ్వు కళ్ళు మూసుకో. నేను కేకలు పెడతాను. ఇంటి కప్పు లేచిపోయేలా పెడతాను. వాళ్ళు నొప్పులనుకుంటారు.

త్వరగా రారా నాన్నా. నెలలు నిండిపోయాయి. ఇంక ఆపుకోలేను.

క్లియారిస్తె